చివరి అధ్యాయాలు తినే చెదలు

జూన్ 4

జిగురూ,

ముందుగా ఒక తప్పు దిద్దాలి. ‘నానమ్మకి కాలక్షేపానికి రెండు పుస్తకాలు పంపాను’ అని మీ నాన్నతో ఫోనులో అన్నావట. నా దగ్గర క్షేపించడానికి కాలం మూలుగుతూ పడి లేదు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషికి కాలాన్ని తోలాల్సిన పనుండదు, అదే పరుగెత్తుతుంది. దాని తోక పట్టుకోవడానికి చదువుతాను. మీ నాన్న ఆ మాట మోసుకొచ్చి, ‘చూశావా అమ్మా, నీ మనవరాలికి నీ మీద ఎంత ప్రేమో’ అన్నాడు. వాడికి చిన్నప్పటినుంచీ ఏది మెప్పో ఏది దెప్పో తెలియదు.

పుస్తకాలు అందాయి. పాతవైనా బైండింగు ముచ్చటగా ఉంది. చిన్నప్పుడు ఒళ్ళో ఎక్కితే దిగేదానివి కాదని జిగురని పిలిచాను. పెద్దయ్యాక లైబ్రరీ బైండింగు గదిలో ఉద్యోగం చూసుకుని ఆ పేరు నిలబెట్టావు. సంతోషం.

‘జీవితచరిత్రల్లో ఏముంటుంది నానమ్మా, పుట్టాడు, చదివాడు, సన్మానం చేయించుకున్నాడు’ అని రాశావు. నువ్వు వాటిని కుట్టావు గాని చదవలేదు. ఎలా చదవాలో చెబుతాను విను. పుట్టుక పేజీలు దాటెయ్యి, పుట్టడంలో ఎవరూ ప్రతిభ చూపించరు. సన్మానాలు కూడా దాటెయ్యి. ఎవరితో పోట్లాడాడు, దేనికి భయపడ్డాడు, డబ్బూ పేరూ రాని రోజుల్లో పొద్దున్నే ఎందుకు లేచాడు, అవి చూడు. ఇక ఆత్మకథల్లో అబద్ధాలుంటాయి, ఇంకొకరు రాసిన వాటిలో మొహమాటాలుంటాయి. రెంటిలో అబద్ధమే నయం. ఎందుకు ఆడాడో ఆలోచించుకోవచ్చు.

నువ్వు పంపినవాటిలో దీపస్తంభం కాపలావిడ కథ నువ్వూ చదివి తీరాలి. మొగుడు పోయాక ఆ ఉద్యోగం ఆడదానికి ఇచ్చేది లేదని పైవాళ్ళు అంటే, ‘సరే, కొత్తవాడు వచ్చేదాకా దీపం ఆర్పేస్తాను, ఓడలకి మీరే చెప్పుకోండి’ అందట. ఆ కొత్తవాడు ముప్పై ఏళ్ళయినా రాలేదు. కింది ఫ్లాటులో ఉండే రిటైర్డు స్టేషన్ మాస్టరుకి దాన్ని రోజూ సాయంత్రం గేటు దగ్గర బెంచీ మీద చదివి వినిపించాను. ఆయనకి చూపు తగ్గింది, వినికిడి తగ్గలేదు. నాకు వినికిడి తగ్గింది, నోరు తగ్గలేదు. సరిపోయాం.

ఒక్కటే లోపం. కథ దీపం గదికి కొత్త అద్దాలు వెయ్యడంతో ఆగిపోయింది. ‘తర్వాత ఆవిడేమైందండీ?’ అని ఆయన. ఏమైందో నాకు తెలిస్తే గదా! రెండో పుస్తకమూ అంతే, గాయకుడు కచేరీ మధ్యలో ఉండగా అట్ట వచ్చేసింది. నీకు ఈ పుస్తకాలు అమ్మినవాడెవడో వాణ్ణి నా తరఫున నాలుగు చీవాట్లు పెట్టు.

ఫోను చెయ్యకు. ఫోనులో నాకు సగం వినపడదు, మిగతా సగం మీ అమ్మ పక్కన నిలబడి అనువాదం చేస్తుంది. ఉత్తరమే రాయి.

మీ నాన్నని కని, పెంచి, ఇంకా దిద్దలేకపోతున్న
నానమ్మ

*

జూన్ 12

నానమ్మా,

చీవాట్లు అందాయి. సగం పుస్తకాల వాడికి, సగం నాకు అనుకున్నాను.

అతని తప్పేం లేదు. ఆ పుస్తకాలు నా దగ్గరికి వచ్చేసరికే వెనక పేజీలు చెదలు తినేశాయి. పాడైనంత మేరా తీసేసి, మిగిలింది గట్టిగా కుట్టాను. నా పనే కాబట్టి కుట్టు కనపడకుండా చేశాను, అంతే. మా మేస్త్రీ కూడా చూసి ‘ఇక్కడ కత్తి పడిందంటే నేనే నమ్మను’ అన్నాడు. ఆయన నోటివెంట మెచ్చుకోలు రావడం అంటే ప్రెస్సు కింద వేలు పెట్టి క్షేమంగా తీసుకోవడం లాంటిది.

ఈసారి పక్షుల శాస్త్రజ్ఞుడి జీవితం పంపుతున్నాను. జంతుశాస్త్రం కదా, నీకు నచ్చుతుంది. దాంతో పాటు రెండు ఆత్మకథలు. ఒకటి జైలు డాక్టరుది, ఇంకొకటి కొండల మ్యాపులు గీసిన కుంటికాలి ఆవిడది. ఇకనుంచీ ఆత్మకథలే పంపుతాను, అవి నిండుగా దొరుకుతున్నాయి.

అయినా చివరి పేజీల గురించి అంత పట్టింపెందుకు నానమ్మా? బతికిన బతుకు ముఖ్యం గానీ చివర్లో ఏముంటుంది?

మందులు వేళకి వేసుకుంటున్నావా? గేటు దాకా మెట్లు దిగి ఎక్కుతున్నావని నాన్న అన్నాడు. మూడంతస్తులు. లిఫ్టు బాగయ్యేదాకా దిగకు. స్టేషన్ మాస్టరుగారినే పైకి రమ్మను.

నీ
జిగురు

*

జూన్ 20

అమ్మా బైండరమ్మా,

ఆడపిల్లల కాలేజీలో జీవితమంతా జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదానికి చెదల గురించి చెబుతున్నావు! తాతకి దగ్గులు నేర్పడమంటే ఇదే. రాసుకో. చెద కింది అరనుంచి వస్తుంది. అట్టకి పూసిన జిగురు దగ్గర మొదలుపెడుతుంది. మట్టి గూడు కట్టుకుంటూ నడుస్తుంది, అడ్డదిడ్డంగా తింటుంది. అధ్యాయం మొదలయ్యే పేజీ వెతుక్కుని, అక్కణ్ణుంచి చివరిదాకా తిని, మూతి తుడుచుకుని వెళ్ళిపోయే చెద ఇంకా పుట్టలేదు. పుడితే దానికి డిగ్రీ ఇవ్వాలి. పైగా ఆ పండితురాలు విషయసూచిక తినడం మరిచిపోయింది. దీపస్తంభం పుస్తకానికి పందొమ్మిది అధ్యాయాలని అందులో అచ్చయి ఉంది. నా చేతికొచ్చినవి పద్దెనిమిది.

పోనీ, నా కళ్ళే మోసం చేశాయనుకుందామంటే పక్షులాయన పుస్తకం పంపావు. పిచ్చిదానా, అది నేను కాలేజీలో చదివేటప్పుడే చదివాను. నువ్వు పంపినదాంట్లో ఆయన మెడలో పతకం వేయించుకోవడంతో ఆగింది. అసలు కథ ఆ తర్వాతే ఉంది. ఎనభై దాటాక పెరట్లో చెట్టు మీద తానెన్నడూ చూడని పిట్ట గూడు కట్టింది. ఎక్కి చూస్తానన్నాడు. వద్దంటే వినడని ముగ్గురు కొడుకులూ కలిసి నిచ్చెన దాచేశారు. ముసలాయన భోజనాల బల్ల బయటికి లాగి, దాని మీద కుర్చీ వేసి, కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కాడు. గూట్లో గుడ్లు చూశాడు, రంగు రాసుకున్నాడు, దిగాడు. పోయింది మరుసటి నెలలో, మంచం మీద, నిచ్చెన ఎక్కడ పెట్టార్రా అని కొడుకుల్ని తిడుతూ. ఆ అధ్యాయం చదివే నేను జంతుశాస్త్రం తీసుకున్నాను. దాన్ని కోసి పారేసి నాకు పతకం పంపుతావా?

ఆత్మకథలే పంపుతానంటున్నావు. రాసినవాడు ఆఖరి పేజీ దాకా బతికుంటాడు, బాగానే వెతికావు కిటుకు. కుంటికాలావిడ పుస్తకం మాత్రం అద్భుతం, దాని సంగతి వేరే చెబుతాను. కానీ ఈ కత్తిరింపు నీ బుర్రలో పుట్టింది కాదు. ఎవరి బుర్రో నాకు తెలుసు. ‘అత్తయ్యా, చావుల పుస్తకాలు చదివి కళ్ళూ మనసూ పాడుచేసుకోకండి’ అని మీ అమ్మ నెలకొకసారైనా అంటుంది. అందుకని నిన్నటినుంచీ ఆవిడతో మాట్లాడటం మానేశాను. ఇంట్లో హాయిగా ఉంది. మాట్లాడటం లేదన్న సంగతి ఆవిడకి ఎలా తెలియజెయ్యాలా అని ఆలోచిస్తున్నాను.

‘చివర్లో ఏముంటుంది’ అన్నావు. నువ్వు కోసి దాచుకున్నది నువ్వే చెప్పాలి మరి.

చెదల పక్షాన సంతకం చేస్తూ,
నానమ్మ

*

జూన్ 27

నానమ్మా,

అమ్మతో మాట్లాడు. దయచేసి ఈ ఉత్తరం పూర్తిగా చదవకముందే లేచి వెళ్ళి మాట్లాడు. ఆవిడ ఫోన్ చేసి ఏడ్చింది. ‘నేనేం పాపం చేశానే, ఉప్పు అందించమన్నా మీ నానమ్మ గోడతో చెబుతోంది’ అంది. అమ్మకి ఈ విషయం అసలు తెలియదు. కోసింది నేను. కొయ్యమన్నది నాన్న.

ఏప్రిల్లో నీకు ఆయాసం వస్తోందని గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు గదా. నిన్ను బయట కూర్చోబెట్టి లోపల మాట్లాడాడు గదా. నీకు చెప్పింది ‘వయసు ఆయాసం’ అని. అది కాదు నానమ్మా. గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయిందట. ఆపరేషన్ చెయ్యచ్చట, కానీ నీ వయసుకి ప్రమాదం ఉందట. నాన్న వద్దన్నాడు. నీకు చెప్పద్దని కూడా అన్నాడు. ‘ఉన్నన్నాళ్ళు ప్రశాంతంగా ఉండనీ, చావు ఊసున్నదేదీ ఆవిడ చేతిలో పెట్టకు’ అని నాతో ఒట్టు వేయించుకున్నాడు. నువ్వేమో జీవితచరిత్రలే కావాలంటావు. చావని మనిషి జీవితచరిత్ర ఎక్కణ్ణుంచి తేను? నాకు తెలిసిన పని ఒక్కటే. కత్తీ, సూదీ, దారం.

పారెయ్యలేదు నానమ్మా. పేజీలన్నీ వరసగా పెట్టి బరువు కింద ఉంచాను. నువ్వెప్పుడూ అనేదానివి, బతికున్న కప్పని కోసే చెయ్యి వణకాలి, వణకకపోతే ఆ పిల్లకి ప్రాక్టికల్స్‌లో మార్కులు వెయ్యను అని. నాకు ప్రతిసారీ వణికింది.

నువ్వు అడిగావని చివరి పేజీలు చదివాను. చదివాక నాకే భయమేసింది. నువ్వు చావు గురించే ఆలోచిస్తున్నావా? అందుకేనా వాటిని అంతలా అడుగుతున్నావు? ఒక్కసారి నిజం చెప్పు.

నీ
జిగురు

*

జూలై 9

జిగురూ,

ముందు మీ అమ్మ సంగతి. వంటింట్లోకి వెళ్ళి, ‘నా మాట వెనక్కి తీసుకుంటున్నాను’ అన్నాను. ‘ఏ మాట అత్తయ్యా? చాలా ఉన్నాయిగా’ అంది. ఇన్నేళ్ళకి ఈ ఇంట్లో నాకు సరిజోడు కనపడింది. ఇద్దరం కలిసి మీ నాన్నని తిట్టుకుంటూ కూరగాయలు తరిగాం.

రెండో సంగతి. చావు గురించి ఆలోచిస్తున్నానా అని అడిగావు. అదేం ప్రశ్నే? వానాకాలంలో గొడుగు గురించి ఆలోచించినట్టు ఆలోచిస్తాను. ఎక్కడుందో చూసుకుంటాను, మళ్ళీ పనిలో పడతాను. మంచి జీవితచరిత్రలో చివరి అధ్యాయం చావు గురించి కాదు. దాని ముందు ఆ మనిషి ఏ బల్ల మీద ఏ కుర్చీ వేశాడన్నది. నువ్వు చదివానన్నావు, అది కనపళ్ళేదా?

మూడోది పెద్ద సంగతి. గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మీ నాన్న ఆఫీసుకి వెళ్ళాక, స్టేషన్ మాస్టరుని తోడు తీసుకుని బస్సులో వెళ్ళాను. ఆయనకి కనపడదు, నాకు వినపడదు. బస్సు నంబరు నేను చదివితే, కండక్టరు అరిచిన స్టాపు ఆయన విన్నారు. డాక్టరు గదిలోకి వెళ్ళగానే ఆ డాక్టరు నన్ను వదిలేసి ఆయన వైపు తిరిగి, ‘మీ మిసెస్‌కి ఆయాసం ఎలా ఉందండీ?’ అన్నాడు.

‘మా ఆయన పోయి పదేళ్ళయింది. ఈయన టికెట్ లేని ప్రయాణికుడు. ప్రశ్నలు నన్నడగండి’ అన్నాను.

‘అంటే అమ్మగారూ, మీ అబ్బాయిగారితో అన్నీ మాట్లాడేశాను. ఆయన వద్దన్నారు.’

‘గుండె ఎవరిదండీ?’

‘మీదేననుకోండి...’

‘అనుకోవడం ఎందుకు, ఫొటో తీశారుగా, చూసి చెప్పండి.’

ఆ తర్వాత కుర్చీ నా వైపు జరుపుకుని మర్యాదగా చెప్పాడు. రొమ్ము కొయ్యరట. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి కొత్త కవాటం కూర్చోబెడతారట. ఆ కవాటం ఆవు గుండె పొరతో చేసింది! జన్మంతా జంతువుల్ని కోసి లోపల చూశాను, ఇన్నాళ్ళకి ఒక జంతువు నా లోపలికి వచ్చి చూస్తానంటోంది. కాదంటే మర్యాదగా ఉండదు. లేవకపోయే ప్రమాదం ఉందని కూడా దాచకుండా చెప్పాడు. చేయించుకోకపోతే ఏడాదో, రెండో. అదీ గేటు దాకా దిగకుండా, కిటికీ పక్కన కూర్చుని, ఆయాసపడుతూ.

చేయించుకుంటానన్నాను. ఆగస్టు రెండో వారంలో రమ్మన్నాడు.

సాయంత్రం మీ నాన్నతో చెప్పాను. పళ్ళెం ముందు కూర్చున్నవాడు లేచిపోయాడు. ‘నేను సంతకం పెట్టను. నీకేమన్నా అయితే ఎవరు బాధ్యులు?’ అని అరిచాడు. వాడు అరవడం నేను వాడి పదోతరగతి తర్వాత వినలేదు. నీకు గుర్తుందో లేదో, మీ తాతయ్య ఆపరేషన్ బల్ల మీదే పోయారు. ఆ రోజు నేను పెట్టలేకపోతే ఒప్పుదల కాగితం మీద వాడే సంతకం పెట్టాడు. పదేళ్ళుగా ఆ కలం వాడి చేతిలోనే ఉందని నాకు ఆ అరుపుతో అర్థమైంది. పిరికితనమనుకున్నాను, కాదు.

అయినా సరే, వాడి భయానికి నా గుండె తాకట్టు పెట్టను. ఈసారి సంతకం నేనే పెడతాను. నా చదువు దేనికి, వేలిముద్రలకా?

ఎవరు దాచిన నిచ్చెన వాళ్ళ దగ్గరే ఉండనీ.
నానమ్మ

*

జూలై 17

నానమ్మా,

నీ ఉత్తరం మా బైండింగు గదిలో నిలబడి చదివాను. ఆవు గుండె దగ్గర నవ్వాను, తాతయ్య దగ్గర కూర్చున్నాను. మేస్త్రీ ఏమీ అడక్కుండా నా వంతు పుస్తకాలు కూడా కుట్టేశాడు.

నాన్న ఫోన్ చేశాడు. ‘నీ పుస్తకాల వల్లే ఇదంతా’ అన్నాడు. వాటినన్నిటినీ నీ గదిలో పై అరలో పెట్టేశాడట. ముక్కాలి పీట కూడా తీసుకెళ్ళి వాళ్ళ గదిలో పెట్టాడట. నిజమేనా? నువ్వు కుర్చీ ఎక్కావేమోనని నాకు నిద్ర లేదు. ఎక్కలేదని చెప్పు.

నేను నిన్ను ఆపను. ఆపాలని ఉంది. ఈ రెండు మాటలూ నిజమే. సెలవు పెట్టాను, ఆగస్టు మొదటి ఆదివారానికి వస్తాను. కోసిన అధ్యాయాలు దేనివి దానికి తిరిగి కుట్టేస్తాను, కొత్త వాటిలా ఉంటాయి. ఇంకేం తేవాలో రాయి.

భయంగా ఉంది నానమ్మా. నీకు లేదా?

నీ
జిగురు

*

జూలై 25

జిగురూ,

భయం ఉంది. లేదని రాస్తే నాదీ సన్మానపత్రం అవుతుంది. దీపస్తంభం ఆవిడకీ భయమే అని పుస్తకంలోనే ఉంది. తుఫాను రోజున మెట్లు ఎక్కుతూ గట్టిగా ఎక్కాలు చదివేదట. నేను వెన్నెముక గల జంతువుల వర్గీకరణ చదువుకుంటున్నాను. చేపలనుంచి మొదలుపెడితే పక్షుల దగ్గరికొచ్చేసరికి ధైర్యం వస్తోంది.

నాన్న సంగతి నిజమే. పుస్తకాలు పై అరలో ఉన్నాయి, పీట వాళ్ళ మంచం కింద ఉంది. కొడుకులందరూ ఒకే బడిలో చదువుకుంటారేమో! కుర్చీ ఎక్కలేదు. కవాటం మార్చుకోవాల్సిన మనిషి అరమీది పుస్తకం కోసం జారిపడి పోతే నా జీవితచరిత్ర రాసేవాళ్ళు చివరి అధ్యాయాన్ని వాళ్ళే కోసి పారేస్తారు, సిగ్గుపడి.

మొన్న వాడు నా గదిలోకి వచ్చి మంచం చివర కూర్చున్నాడు. దుప్పటి అంచు నాలుగుసార్లు మడిచి విప్పాడు. చివరికి, ‘ఆ పిట్టలాయన కొడుకులు తర్వాత ఏం చేశారమ్మా?’ అన్నాడు. నీకు రాసిన కథ భోజనాల దగ్గర మీ అమ్మకి చెబుతుంటే విన్నాడు కాబోలు. ‘నిచ్చెన తెచ్చి చెట్టుకి ఆనించారు. అప్పటికి ఎక్కేవాడు లేడు’ అన్నాను. లేచి వెళ్ళిపోయాడు. పీట మాత్రం ఇంకా రాలేదు. వాడు నా కొడుకు, తొందరగా ఓడడు. నేనూ వాడి అమ్మనే.

ఇప్పుడు పనులు. ఒకటి, కోసిన అధ్యాయాలు వెనక్కి అతికించకు. వాటన్నిటినీ కలిపి ఒకే పుస్తకంగా కుట్టు. ఎర్ర గుడ్డ అట్ట వెయ్యి, స్టేషన్ మాస్టరుకి ఎరుపు ఇంకా కొద్దిగా కనపడుతుంది. మీద పేరేమీ అచ్చు వెయ్యద్దు. నేను ఆసుపత్రికి వెళ్ళేలోపు ఆయనకి రోజుకొకటి చదివి వినిపిస్తాను. ‘అన్ని బళ్ళూ ఒకేసారి ఆఖరి స్టేషన్‌కి వస్తే ప్లాట్‌ఫారం సరిపోదండీ’ అని ఆయన భయపడుతున్నారు. సర్దుకుంటారు. వెనక తెల్లకాగితాలు కుట్టి నన్ను రాసుకోమనే ఆలోచన ఉంటే మానుకో. నాకు ఇంకా తీరిక లేదు.

రెండు, కుంటికాలావిడ ఆత్మకథ సంగతి చెబుతానన్నాను. ఆపరేషన్ జరిగేంతసేపూ మీ నాన్న వరండాలో కూర్చోవాలి గదా, ఖాళీ చేతులతో కూర్చోనివ్వకు. ఆ పుస్తకం వాడి చేతిలో పెట్టు. ఆవిడ నెమ్మదిగా నడుస్తుంది, పుస్తకమూ అంతే. కొండకొండకీ ఆగి కొలుస్తుంది, ఎక్కలేనని ఒక్కచోటా అనదు. వరండాలో చదవడానికి దానికి మించింది లేదు. వాడు చదవనంటే నువ్వు గట్టిగా చదువు. మీ అమ్మ అనువాదం చేస్తుంది.

మూడోది చిన్న పని. వచ్చేటప్పుడు ఒక మడత నిచ్చెన కొనుక్కురా. అల్యూమినియందైతే తేలికగా ఉంటుంది, నీకు బస్సులో పెట్టుకోవడానికి వీలు. మూడు మెట్లు చాలు. విప్పి, నువ్వు ఎక్కి, ఊగదని చూశాకే కొను. కాళ్ళకి రబ్బరు తొడుగులు నాలుగూ ఉన్నాయో లేదో చూడు, కొట్లో మూడే వేసి ఇస్తుంటారు. గుడ్డలో చుట్టి దాచి తేవద్దు. మీ నాన్న తలుపు తీస్తాడు, వాడి చేతికే ఇయ్యి.

నానమ్మ